పొల్లు తీసేసిన పాపం: ఫోనులో తెలుగు ఫారం చేసిన నా అనుభవం

ఇప్పుడే శ్రీకాళహస్తి బస్సు దిగి ఇంటికి వచ్చాను. పది రోజులుగా మెడమీద ఉన్న పని ఈ ఉదయంతో దిగిపోయింది. మనసు చల్లబడకముందే రాసేయాలని కూర్చున్నాను.

పని చిన్నదే. అక్కడి కలంకారీ పనివారి సంఘం ఒకటి, సభ్యులు తమ ఫోనులోనే పేరు, ఊరు, చేసే పని నమోదు చేసుకునేలా ఒక వెబ్ పేజీ కావాలంది. మధ్యలో ఒక కంపెనీ ఉంది, నాకు పని అప్పగించింది వాళ్ళే. డొమైను, హోస్టింగు ఒక పూటలో అయిపోయాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ భద్రతా సర్టిఫికెట్ ఉచితంగా వచ్చింది. వత్తులు కింద తెగిపోతుంటే వరుసల ఎడం 1.2 నుంచి 1.6కు పెంచాను. ఐఫోనులో గడిని తాకగానే పేజీ పెద్దదైపోతుంటే అక్షరాల సైజు 16 పిక్సెళ్ళు చేశాను, ఆగింది.

నలుగురిలో నా తల దించినది ఊరి పేరు గడి.

సభ్యుల కార్డు మీద చోటు తక్కువ, ఊరికి పది అక్షరాలు చాలు అన్నారు కంపెనీవాళ్ళు. సరేనని పది దగ్గర కోసేలా రాశాను. మనకు అక్షరమంటే ఒకటి, పేజీని నడిపే కోడ్ భాష జావాస్క్రిప్టుకు మరొకటి. శ్రీకాళహస్తి మన కంటికి ఐదు అక్షరాలు. జావాస్క్రిప్టును పొడవు అడిగితే 12 అంటుంది. కంప్యూటర్లు అక్షరాలకు వాడే సంకేతాల పట్టిక యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం దేనికదే విడి సంకేతం కాబట్టి శ్రీ ఒక్కటే నాలుగవుతుంది. పదికి కోస్తే మిగిలింది ‘శ్రీకాళహస్’. దేవుడి ఊరి పేరు అలా తెగి కనబడితే ప్రాణం చివుక్కుమంది. కంపెనీతో వాదించి హద్దు 20 చేయించాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 20 దగ్గర కోసినా చివర పొల్లు మిగలవచ్చు కదా అని, గడిలో ఏ మార్పు వచ్చినా చివరి పొల్లును తీసేసే ఒక వరుస కోడ్ చేర్చాను. హైదరాబాద్ లాంటి పేర్లు పొల్లుతోనే ముగుస్తాయన్న సంగతి కూడా తట్టలేదు. కంప్యూటర్‌లో బ్రౌజర్‌ను ఫోనంత చేసి, ఊళ్ళ జాబితా నుంచి పేర్లు అతికించి చూశాను. అన్నీ సరిగ్గా పడ్డాయి. ఒక్క పేరు కూడా చేత్తో కొట్టలేదు.

సంఘం గదిలో ముప్పై మంది ముందు చూపించే రోజు వచ్చింది. అరవై దాటిన ఒకావిడ ముందుకు వచ్చి ఫోను తీసుకున్నారు. ఇనుప తుక్కు, బెల్లం నానబెట్టి చేసే నల్లరంగు ఆమె గోళ్ళ అంచుల్లో ఇంకిపోయి ఉంది. శ నొక్కారు, పొల్లు నొక్కారు, ర నొక్కారు. తెరమీద ‘శశ్ర’ అని పడింది. చెరిపి మళ్ళీ కొట్టారు, మళ్ళీ అదే. మూడోసారికి ఫోను నా చేతిలో పెట్టి, “నా వేళ్ళు మొద్దుబారిపోయాయి నాయనా, మా మనవరాలితో కొట్టిస్తాను” అన్నారు. వెదురు కలంతో బట్టమీద కనురెప్ప గీసే వేళ్ళవి! కంపెనీ మేనేజరు అందరూ వింటుండగా, “తెలుగు తీసేసి ఇంగ్లీషు పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది” అన్నాడు. తప్పు ఆమెది కాదని చెప్పాలని ఉంది. ఎక్కడుందో తెలియక నోరు పెగల్లేదు.

తిరిగి వస్తూ 3,500 పెట్టి ఒక పాత ఆండ్రాయిడ్ ఫోను కొన్నాను. బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కి, ఫోనులో జరిగేది కంప్యూటర్ నుంచి చూడనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరిచి, కంప్యూటర్‌కు తగిలించాను. చార్జింగుకే పనికొచ్చే కేబులుతో ముప్పావు గంట పోయింది. డేటా కేబులు వేరుగా దాచుకోండి.

ఏ కీ నొక్కినా పేజీకి అందే కబురులో (కీడౌన్) కీ కోడ్ 229 అనే వస్తోంది, అంటే కీబోర్డు ఇంకా అక్షరం కూరుస్తూనే ఉందని. అప్పుడు అర్థమైంది. ఫోను కీబోర్డు మాట పూర్తయ్యేదాకా దాన్ని తన చేతిలోనే పట్టుకుంటుంది, కింద గీత కనిపించేది అందుకే. ఆమె పొల్లు నొక్కగానే నా కోడ్ దాన్ని లాగేసింది. కీబోర్డు లెక్కలో మాత్రం అది ఉంది. తర్వాతి కీకి తన దగ్గరున్న ‘శ్ర’ మొత్తాన్ని మళ్ళీ తెచ్చి పెట్టింది. తెలుగులో ప్రతి వత్తూ పొల్లు మీదుగానే పుడుతుంది. నేను పొల్లును రానివ్వకుండా వత్తులన్నిటికీ అడ్డం పడ్డాను.

ఆ వరుస తీసేశాను. మనిషి కొడుతున్నంతసేపు గడిని ముట్టుకోకూడదు, గడి వదిలి వెళ్ళాకే ఏ పరీక్షయినా. అక్షరాల లెక్కకు బ్రౌజర్‌లోనే ఉండే ఇంటల్ సెగ్మెంటర్ (మాటను అక్షరాలుగా విడదీసే సాధనం) తీసుకుంటే శ్రీకాళహస్తికి కొత్త ఫోనులో ఐదు, పాత ఫోనులో ఏడు వచ్చింది. పొల్లు దగ్గర తెలుగు అక్షరాన్ని విరవకూడదనే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1తో వచ్చింది. పాత బ్రౌజర్లకు అది తెలియదు. అందుకే పొల్లుతో ముగిసిన ముక్కను తర్వాతి ముక్కతో కలిపే నాలుగు వరుసలు నేనే రాశాను.

పరీక్షకు ఫోను ఇవ్వని కంపెనీ దగ్గర ఫోను పని ఒప్పుకోకండి. ఇంగ్లీషు పెట్టేయమని ఎవరన్నా అంటే ఆ మాట అక్కడే ఖండించండి, నాలా మౌనంగా నిలబడకండి.

ఈ ఉదయం మళ్ళీ ఆమె చేతికే ఫోను ఇచ్చాను. ముందుగా, “ఆ రోజు తప్పు నాదమ్మా, మీ వేళ్ళది కాదు” అని అందరి ముందూ చెప్పాను. ఆమె నిదానంగా శ్రీకాళహస్తి అని కొట్టారు. ఫోనును చేయి చాపినంత దూరంలో పట్టుకుని, స్తిలో తవత్తు దాకా చూసుకుని, పక్కనున్నామెకు అందించారు.