పెద్దమ్మ నూలులో ముడి, 100 కేబీ ఫొటో

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. పెద్దమ్మ సన్న నూలు వడుకుతుంది, పెదనాన్న మగ్గం మీద పంచెలు, చీరలు నేస్తారు. పోయిన నెల ఒక చేనేత ప్రదర్శనలో స్టాల్ కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాం. ఫారం నింపడం పావుగంట పని. ఫొటోల దగ్గరే రెండు రోజులు పోయాయి. ఐదు ఫొటోలు అడిగారు, ఒక్కోటి 100 కేబీ లోపే ఉండాలి, అదీ జేపీజీలోనే. నా ఫోన్లో తీసినవేమో ఒక్కోటి 4 ఎంబీ పైనే.

వెతగ్గానే పైన కనిపించిన సైట్ తెరిచాను. సైజు ఎంత కావాలో రాస్తే చాలు, అదే తగ్గించి ఇచ్చేస్తుంది. 98 కేబీకి వచ్చింది. హమ్మయ్య అనుకుని పెద్దమ్మకి చూపించాను. ఆవిడ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "ఏటమ్మా ఇది, మిల్లు గుడ్డలాగుంది? ఇది నా నూలు కాదు" అంది.

నిజమే. తెల్ల పంచె మీద నేత మొత్తం చెరిగిపోయి, సున్నం వేసిన గోడలా నున్నగా ఉంది. పొందూరు ఖద్దరంటే నేతే కదా. వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వడికిన నూలు అది. చేతి నూలు కాబట్టి పోగు ఒకచోట సన్నంగా, ఇంకోచోట వెంట్రుకవాసి లావుగా ఉంటుంది. అది కనపడాలనే పొద్దున్నే ఏటవాలు ఎండలో గుడ్డ పరిచి ఫొటో తీశాను. సరిగ్గా అదే పోయింది.

ఎందుకు పోయిందో ఆ రాత్రి కూర్చుని చదివితే అర్థమైంది. జేపీజీ బొమ్మని ఎనిమిదికి ఎనిమిది చుక్కల (పిక్సెళ్ల) గళ్లుగా విడగొడుతుంది. సైజు తగ్గించమంటే ప్రతి గడిలోనూ ముందుగా వదిలేసేది సన్న సన్న తేడాలనే. మనిషి ముఖానికో, ఆకాశానికో దానివల్ల పెద్ద నష్టం లేదు. నేతకి మాత్రం ఆ సన్న తేడాలే ప్రాణం. పైగా రంగుని వెలుగు కంటే తక్కువ వివరంగా దాస్తుంది. పంచె ఎర్ర అంచు పక్కనున్న తెలుపులోకి మసకగా పాకినట్టు కనిపించింది అందుకే.

అప్పుడు ఒక గుర్తు పెట్టుకున్నాను. అంచుకి బెత్తెడు లోపల, పేక పోగులో, అంటే అడ్డంగా నేసే పోగులో, చిన్న ముడి ఉంది. అసలు ఫొటోలో స్పష్టంగా తెలుస్తుంది. ఏ టూల్ వాడినా ఆ ముడి మిగలాలి. కేబీ లెక్క ఆ తర్వాతే.

టైనీపీఎన్‌జీ చూశాను. ఫొటోలన్నీ ఒకేసారి లాగి పడేస్తే చేసిపెడుతుంది, వాడకం చాలా తేలిక. కానీ ఎంత తగ్గించాలో అదే నిర్ణయించుకుంటుంది. వెబ్‌సైట్‌కి బొమ్మలు పెట్టుకునేవాళ్లకి బాగా పనికొస్తుంది, 100 కేబీ గీత దాటకూడని నాలాంటివాళ్లకి కాదు. ఇంకో సైట్ చిన్నగా చేసింది గానీ డాట్ వెబ్‌పీ ఫైలు ఇచ్చింది, జేపీజీ కాదని ఫారం తీసుకోలేదు.

చివరికి స్క్వూష్ దగ్గర ఆగాను. గూగుల్ క్రోమ్ వాళ్లు 2018లో తెచ్చిన టూల్ ఇది. ఒక్కసారికి ఒక్క ఫొటోనే, అది కొంచెం విసుగే. అయినా నాకు కావలసినది అందులో ఉంది. తెర మధ్యలో ఒక గీత, ఒకవైపు అసలు ఫొటో, ఇంకోవైపు తగ్గించినది. గీతని సరిగ్గా ముడి మీదకి జరిపి, పెద్దది చేసి, క్వాలిటీ అంకె తగ్గిస్తూ పోయాను. ముడి చెదిరినచోట ఆగి, రెండు మెట్లు వెనక్కి వచ్చాను. సైజు ఎంతో కిందే కనిపిస్తూ ఉంటుంది.

ఇంకో సంగతి. ఫొటో మన ఫోన్ దాటి ఎక్కడికీ పోదు, పనంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది. పేజీ తెరుచుకున్నాక డేటా ఆపేసి చూశాను, పని ఆగలేదు. ఐదింటిలో ఒకటి పెద్దమ్మ ఇంట్లో రాట్నం ముందు కూర్చున్న ఫొటో. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోన్ ఫొటోలో ఇల్లు ఎక్కడుందో కూడా నమోదవుతుంది. అలాంటిదాన్ని ముక్కూమొహం తెలియని సైట్‌లో పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

అయినా నేత ఫొటో మొదట 100కి దిగలేదు. నేను చేసిన తప్పేంటంటే, నాలుగు వేల చుక్కల వెడల్పున్న ఫొటోని అలాగే ఉంచి క్వాలిటీ ఒక్కటే నొక్కుతున్నాను. ముందు చుక్కలు తగ్గించాలి, తర్వాతే క్వాలిటీ. అలాగని పంచె మొత్తాన్ని కుదిస్తే పోగులు కలిసిపోతాయి. అందుకని ఫోన్‌లోనే అంచు దగ్గర జానెడు మేర మాత్రం కత్తిరించి, దాన్ని 1000 చుక్కల వెడల్పుకి తెచ్చాను. క్వాలిటీ 60 దగ్గర 96 కేబీ వచ్చింది. ముడి ఉంది. అంచు రంగు పాకకుండా ఉండాలని అంతకుముందే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో క్రోమా సబ్‌శాంపుల్ అన్నదాన్ని, అంటే రంగు వివరం తగ్గించేదాన్ని, కూడా తీసేశాను. మిగతా నాలుగూ గోడలు, మనుషులు ఉన్న ఫొటోలే కాబట్టి అరగంటలో అయిపోయాయి. ప్రతిసారీ అసలు ఫొటో నుంచే మొదలుపెట్టాను. ఒకసారి తగ్గించినదాన్నే మళ్లీ తగ్గిస్తే అరిగినదాన్ని ఇంకా అరగదీసినట్టే.

సబ్మిట్ నొక్కేముందు ఫోన్ మళ్లీ పెద్దమ్మ చేతికిచ్చాను. ఈసారి ఏమీ అనకుండా కాసేపు చూసింది. తర్వాత గోటితో తెర మీద సరిగ్గా ఆ చోట తాకి, "ఇదిగో, పోగు తెగితే అతికాను ఇక్కడ" అంది.