చుక్కలకు పేర్లు పెట్టేవాడు

డిసెంబరు వచ్చిందంటే మా తిరుపతి అంగళ్లలో క్రిస్మస్ స్టార్లు వేలాడతాయి. ఐదు కొనలది కొనాలా, ఏడు కొనలదా, లోపల లైటు వెలిగి ఆరాలా, అలాగే నిలవాలా అని విశ్వాసుల ఇళ్లలో పెద్ద చర్చే జరుగుతుంది. దాన్ని కట్టడానికి మిద్దె ఎక్కినవాళ్లలో తలెత్తి పైనున్న అసలు చుక్కల్ని చూసేవాళ్లు ఎందరు? కట్టేసి, ఫొటో తీసి, స్టేటస్ పెట్టుకుని దిగిపోతారు.

ప్రసంగాలూ అలాగే ఉన్నాయి. ఆకాశం మాట ఎత్తితే, కోట్ల నక్షత్రాలు చేసిన దేవుడు ఎంత గొప్పవాడో, హల్లెలూయ చెప్పండి! అంతటితో సరి. గొప్పవాడే, కాదన్నదెవరు? కానీ బైబిల్లో 147వ కీర్తన తెరవండి. నాలుగో వచనంలో ఆయన చుక్కల లెక్క చూసి, వాటన్నిటికీ పేర్లు పెడతాడు. దానికి ముందు మూడో వచనంలో ఏం చేస్తున్నాడు? గుండె చెదిరినవాళ్ల గాయాలకు కట్టు కడుతున్నాడు. కట్టు కట్టిన చెయ్యి అలాగే చుక్కల మీదికి పోయింది. కీర్తనకారుడికి ఇవి రెండు పనులుగా తోచలేదు.

ఒక్క ఈ కీర్తనేనా? అబ్రాము సంగతి చూడండి. నాకు బిడ్డలు లేరు, నువ్వు ఏమిచ్చి ఏం లాభం అని దేవుడినే అడిగాడు. దేవుడు ఆయన్ని గుడారంలోంచి బయటికి తీసుకొచ్చి, చుక్కల్ని లెక్కపెట్టమన్నాడు. యెషయా 40లో, కన్నులు పైకెత్తి చూడండి, వీటిని ఎవరు పేరు పెట్టి పిలుస్తున్నారని అడిగిన మరుసటి వచనంలోనే, నా బాధ దేవుడికి కనబడడం లేదని వాపోయే జనం ఉన్నారు. యోబు బూడిదలో కూర్చుని పుండ్లు గోక్కున్నవాడు. స్నేహితులు తర్కం మీద తర్కం చెప్పి విసిగిస్తే, దేవుడు తానే వచ్చి కృత్తికల మాట ఎత్తాడు. కృత్తికలంటే మన పల్లెల్లో పిల్లలకోడి అంటారే, ఆ చుక్కల గుంపు. ఆకాశం గురించిన మాట దెబ్బ తిన్నవాడి చెవిలోనే పడుతోంది, గమనించారా?

ఇది నాకు పుస్తకంలో దొరికిన సంగతి కాదు. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్లు నేను వరండాలో చాప మీద పడుకునేవాణ్ణి. పక్కన ఫ్లాస్కు, మందుల కవరు, తలకింద మడిచిన దుప్పటి. లోపలినుంచి ఎవరైనా పిలిస్తే ‘పదిహేడో బెడ్డు తాలూకు ఎవరండీ’ అనేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు, అంతమందిని ఎలా గుర్తుపెట్టుకుంటారు? కానీ నా తల్లికి పేరుంది కదా అని గుండె మండేది. ఒక రాత్రి నిద్ర పట్టక వరండా అంచుకు వచ్చి చూస్తే, లైటు స్తంభం పక్కగా, మసకగా పిల్లలకోడి కనబడింది. యోబుకు చూపించినవాడు నాకూ చూపించాడు అనుకున్నా. టెన్షన్ పోలేదు, కానీ ఏడుపొచ్చింది. అది మంచి ఏడుపే.

చిత్తూరు జిల్లా దాటి తమిళనాడులోకి వెళ్తే జవ్వాది కొండల్లో కావలూరు ఉంది. అక్కడ ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు గారి పేరు మీద చుక్కల్ని పరిశీలించే పెద్ద వేధశాల, అందులో 2.3 మీటర్ల అద్దం ఉన్న దూరదర్శిని. అలాంటి అద్దాల్లో పడే చుక్కల్లో ఎక్కువ వాటికి మనుషుల జాబితాల్లో నంబర్లే ఉంటాయి, పేర్లు ఉండవు. అన్నిటికీ పేర్లు పెట్టడం మన వల్ల అయ్యే పనా? ఆయన వల్ల అవుతుంది. పదిహేడో బెడ్డును ఆయన ఆ నంబరుతో పిలవడు.

కాబట్టి సంఘాల్లో కేరల్స్‌కు తిరిగే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి మైకు సెట్టు కొంచెం తగ్గించండి. స్టార్ కట్టిన ఇళ్లకే కాదు, ఆస్పత్రి వరండాల్లో చాపల మీద పడుకున్నవాళ్ల దగ్గరికీ వెళ్లండి. పాటకన్నా ముందు లోపలున్న మనిషి పేరేమిటని అడగండి. ప్రార్థనలో ఆ పేరు పలకండి. వాళ్లు లేచి నడవగలిగితే బయటికి తీసుకొచ్చి పైకి చూపించండి, దేవుడు అబ్రాముకు చేసినట్టే. కేకు తర్వాత కోయొచ్చు.