లక్ష లోపలికి వచ్చిన రోజు

అక్టోబర్ 5, 2025, ఆదివారం. నెల్లూరు.

పొద్దున ఐదున్నరకే మెలకువ వచ్చింది. ప్రతి నెలా ఐదో తారీఖున ఇంతే, అలారం అక్కర్లేదు. అప్పు కింద కట్టాల్సిన 8,000 రాత్రే లెక్కపెట్టి కవర్లో పెట్టి బియ్యం డబ్బా మీద ఉంచాను. లేవగానే మళ్లీ ఒకసారి లెక్కపెట్టాను. పదిహేను ఐదువందల కాగితాలు, ఐదు వందకాగితాలు.

బయట సన్నగా జల్లు. దసరా వెళ్లి మూడు రోజులే. గుమ్మాలకు కట్టిన మామిడాకులు వాడిపోయి అలాగే వేలాడుతున్నాయి. "వాన తగ్గినాక పోరాదా" అన్నాడు మా ఆయన. ఆగాలనిపించలేదు. పదిన్నరకల్లా నేను ట్రంకు రోడ్డులో బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్‌లో ఉండాలి. దీపావళి బేరం మొదలయ్యాక మాకు ఆదివారాలు ఉండవు. గొడుగు తీసుకుని బయల్దేరాను.

మాకు అప్పిచ్చిన పెద్దాయన ఇల్లు రెండు వీధుల అవతల. వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. "ఏం పాపా, ఈ వానలో వచ్చినావు, రేపిచ్చినా సరిపోయేదిగా" అన్నారు. "ఐదో తేదీ తప్పకూడదనుకున్నాను పెద్దాయనా" అన్నాను. లోపలికెళ్లి రెక్సిన్ సంచీ తెచ్చి అందులోంచి ప్రామిసరీ నోటు తీశారు. ఆ కాగితాన్ని చూస్తే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 2023 జూన్‌లో మా ఆయన నడుము ఆపరేషన్ కోసం తీసుకున్న 1,50,000. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. నా చేతిగాజులు అప్పటికే అమ్మేశాం, అయినా చాల్లేదు. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టాను. చేయి వణికి చివరి అక్షరం స్టాంపు దాటి కిందికి జారిపోయింది. ఆ జారిన అక్షరం ప్రతి నెలా నాకు కనపడుతుంది.

నోటు తిరగేశారు. వెనక జనవరి నుంచి వరసగా చెల్లు, అంటే ఏ నెల ఎంత ముట్టిందో, వేసి ఉంది, తొమ్మిదిసార్లు. పెద్దాయన పేపరు అంచున పెన్సిల్‌తో లెక్క వేశారు. 1,05,472 మీద నెల వడ్డీ 2,109. 8,000లో అది పోను అసలుకు 5,891. మిగిలింది 99,581.

"లక్ష లోపలికొచ్చినావు పాపా" అన్నారు.

ఈ నెల లక్ష దిగుతుందని నాకు ముందే తెలుసు. నెల రోజులుగా ఆ అంకె మనసులో తిరుగుతూనే ఉంది. అయినా ఆయన నోటి వెంట వినేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గొడుగు మడుస్తున్నట్టు తల వంచుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. పెద్దావిడ కాఫీ తెచ్చి ఇచ్చింది, ఏమీ అడగలేదు.

చెల్లు కింద నేను సంతకం పెట్టాను. నా నోట్‌బుక్కులో 'ముట్టినది' అని రాసి ఆయన సంతకం పెట్టారు. ఈ రెండూ ఎందుకంటే, ప్రామిసరీ నోటుకు మూడేళ్లే గడువు. అప్పు తీసుకున్నవాళ్ల సంతకంతో చెల్లు పడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అంటే నోటు వెనక నేను పెట్టే సంతకం ఆయనకు రక్షణ, నా పుస్తకంలో ఆయన సంతకం నాకు రక్షణ. మొదట్లో ఇదేమీ తెలియదు. ఏడాదిన్నర పాటు వడ్డీ నోటిమాట మీదే ఇచ్చాం. నిరుడు నవంబర్‌లో వడ్డీ డబ్బు ఇంకొకరి చేత పంపితే, ఆ నెల ముట్టలేదని మాట వచ్చింది. మధ్యలో ఎక్కడ పోయిందో తేలలేదు. ఎవరితోనూ గొడవ పడే ఓపిక లేక ఇంకో 3,000 ఇచ్చాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి వెళ్లి వంద పేజీల నోట్‌బుక్కు కొన్నాను.

అంతకంటే ఎక్కువ బాధ పెట్టేది ఇంకొకటి ఉంది. ఆ ఏడాదిన్నరలో నెలకు 3,000 చొప్పున 54,000 ఇచ్చాం. అసలు మాత్రం 1,50,000 దగ్గరే కూర్చుంది, ఒక్క రూపాయి కదల్లేదు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. వడ్డీ కడుతున్నాం కదా, పరువుగా ఉన్నాం కదా అనుకుంటాం. మూడేళ్లకు నోటు తిరగరాస్తాం. వడ్డీ ఏమైనా బాకీ ఉంటే అది కూడా కొత్త నోటులో అసలైపోతుంది.

మేం అసలు జోలికి పోకపోవడానికి ఒక కారణం ఉంది, క్రెడిట్ కార్డు. ఆస్పత్రి మందులు, స్కానింగులు అన్నీ దాని మీదే గీకాం. నెలనెలా 'మినిమం డ్యూ' అని, కనీసం ఇంత కట్టాలని వచ్చిందే కట్టి హమ్మయ్య అనుకునేవాళ్లం. 2024 ఫిబ్రవరిలో స్టేట్‌మెంట్ ముందేసుకుని చదివితే బాకీ 42,000. నెలకు మూడున్నర శాతం వడ్డీ, దాని మీద జీఎస్టీ. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నాలుగు రూపాయలు దాటుతోంది. బయట రెండు రూపాయల వడ్డీ అంటేనే భయపడే మనం, జేబులో నాలుగు రూపాయల వడ్డీ పెట్టుకుని తిరుగుతున్నాం! కార్డు వాడటం ఆపేసి నెలకు 5,000 చొప్పున కడితే డిసెంబర్‌కి తీరింది. జనవరి నుంచి ఆ 5,000ను ఈ నోటు వైపు తిప్పాను. వడ్డీ 3,000, ఇది 5,000, కలిపి 8,000. కొత్తగా ఎక్కడి నుంచీ తేలేదు.

పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. "ముక్కలు ముక్కలుగా వద్దు పాపా, అసలు ఒక్కసారే ఇయ్యి" అన్నారు. అప్పిచ్చేవాళ్లు చాలామంది అంతే. చిన్న మొత్తాలు తిరిగొస్తే మళ్లీ ఎవరికివ్వాలా అని ఆయన ఇబ్బంది ఆయనది. "ఒక్కసారే ఇయ్యాలంటే మా వల్ల ఈ జన్మకు కాదు పెద్దాయనా. నెలనెలా తీసుకుంటే రెండేళ్లలో మీ డబ్బు మీకు చేరుతుంది" అని చెప్పాను. రెండుసార్లు తిరిగాక సరేనన్నారు. ఆ మాట అడగడానికి నాకు నెల రోజుల ధైర్యం కావాల్సొచ్చింది. అడిగితే పోయేదేముందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

షాపులో మధ్యాహ్నం అన్నాలప్పుడు మా కౌంటర్‌లో కొత్తగా చేరిన పిల్ల ఫోన్‌లో అప్పులిచ్చే యాప్ చూపించింది. "అక్కా, ఐదు నిమిషాల్లో పదివేలు వేస్తారంట, దీపావళికి తీసుకుందామనుకుంటున్నా" అంది. ఆ అమ్మాయి జీతం నాకు తెలుసు. గిన్నె పక్కన పెట్టి, బిల్లు కాగితం వెనక లెక్క వేసి చూపించాను. ప్రాసెసింగ్ కింద ముందే ఎంత కోస్తారు, చేతికి ఎంత వస్తుంది, ఎన్ని రోజుల్లో ఎంత కట్టాలి. అందులో రాసిన వడ్డీ రోజుకి. నెలకు ఎంతవుతుందో వేసి చూపించేసరికి ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. తీసుకోనని అనలేదు, కానీ ఫోన్ లోపల పెట్టేసింది. సాయంత్రం దాకా నాకు అదే ఆలోచన. పండక్కి ఇంట్లో తమ్ముడికి చొక్కా కొనాలని దాని ఆశ. అంతే కదా, మనం అప్పు చేసేది చాలాసార్లు ప్రేమ కోసమే.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటింది. మా ఆయన బొచ్చె చేప తెచ్చి పులుసు పెట్టాడు. ఇదివరకు ఆదివారమంటే కొర్రమీను, లేదంటే నలుగురం బయట బిర్యానీ. ఇప్పుడు నెలలో రెండు ఆదివారాలే చేప, అదీ బొచ్చె. మామిడికాయ దొరకని రోజులు కదా, చింతపండు కాస్త ఎక్కువ పడింది. పిల్లలు మాత్రం గిన్నె ఊడ్చి తిన్నారు.

తిన్నాక కవర్లు తీశాను. పాత పెళ్లి శుభలేఖల కవర్లు దాచిపెట్టి వాటి మీద పేర్లు రాసుకున్నాను: అద్దె, బియ్యం-సరుకులు, కరెంటు-గ్యాసు, స్కూలు, మందులు, దారి ఖర్చు. మిల్లులో ఆయన గుమస్తా జీతం 18,000, నాది 15,000. మొత్తం 33,000. జీతాలు చేతికి రాగానే ముందు 8,000 పక్కకు తీస్తాను, మిగిలిన 25,000 కవర్లలోకి వెళ్తుంది. ఇదివరకు ఖర్చులన్నీ అయ్యాక మిగిలింది కడదామనుకునేవాళ్లం. ఏ నెలా మిగల్లేదు. 'మందులు' కవరు మీద ఎర్రటి వినాయకుడి బొమ్మ ఉంది. ఎవరి పెళ్లిదో పేరు చెరిగిపోయింది. తీసి తీసి అంచులు మెత్తబడిపోయాయి, టేపు వేశాను. ఈ నెల అందులో 1,200 పెట్టాను, ఆయన నొప్పి మాత్రలు తగ్గాయి కాబట్టి.

అన్ని నెలలూ ఇలా నడవలేదు. జూన్‌లో స్కూళ్లు తెరిచినప్పుడు 4,000 మాత్రమే ఇవ్వగలిగాను. వడ్డీ పోను అసలుకు 1,520. ఆ రోజు పెద్దాయన ముందు నిలబడటానికి సిగ్గేసింది. కానీ వెళ్లాను, ఉన్నది ఇచ్చాను, చెల్లు రాయించాను. అది ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టగలనో లేదోనని నా భయం. జులైలో రొట్టెల పండగకి బారాషహీద్ దర్గాకి వెళ్లి, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, డబ్బు కష్టం తీరాలని కోరుకుంటూ ధన రొట్టె పట్టుకున్నాను. ఇచ్చినావిడ ఎక్కడి నుంచో వచ్చిందట, అప్పు తీరి మొక్కు చెల్లించడానికి. తడిసిన చీరతో ఆమె నా చేతిలో రొట్టె పెట్టి "నీకూ తీరుతుందమ్మా" అంది. ఎవరో తెలియని మనిషి. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది కలిగిరి దగ్గర మా ఊరి నుంచి. లక్ష దిగిందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మేం రోజుకు రూపాయి కట్టినప్పుడు కూడా మీ నాయన నవ్వేవాడు" అంది. దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకిన తర్వాత, 1993 ప్రాంతంలో పొదుపు లక్ష్మి గ్రూపులు వచ్చాయి. అమ్మ కూడా ఒక దాంట్లో చేరింది. సారా కొట్టుకు పోయే డబ్బులోంచి రోజుకు ఒక్క రూపాయి. నేను అప్పుడు పసిపిల్లని. అమ్మ చీర కొంగులో ముడి వేసిన రూపాయి బిళ్ల మాత్రం గుర్తుంది. వారం తిరిగేసరికి ఏడు బిళ్లలు, సంఘం పుస్తకంలో వేలిముద్ర. ఆ గ్రూపు అప్పుతోనే మా ఇంటికి మొదటి గేదె వచ్చింది. నా 8,000ను ముప్పై రోజులకు పంచితే రోజుకు 267. అమ్మ రూపాయి కంటే ఇది కష్టమేమీ కాదని ఈ రోజు అనిపించింది. అప్పట్లో అమ్మ కూలి ఎంతో నాకు తెలుసు.

పడుకునే ముందు పాప నోట్‌బుక్కు అడిగి తీసుకుంది. ఏడో తరగతి, శాతాలు నేర్చుకుంటోంది. 99,581కి రెండు శాతం వేసి, "అమ్మా, వచ్చే నెల వడ్డీ 1,992. రెండువేల లోపల రావడం ఇదే మొదటిసారి" అంది. అక్కడితో ఆపలేదు, ఒక్కో నెలా వేసుకుంటూ పోయింది. ఇలాగే కడితే 2027 జనవరికి అయిపోతుందట, చివరి నెల 8,000 కూడా అక్కర్లేదట, 3,675 చాలట. ఆ నెల మిగిలిన డబ్బుతో ఏం చేద్దామని తమ్ముణ్ణి అడిగింది. వాడు నిద్రలోకి జారుకుంటూ "కొర్రమీను" అన్నాడు. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర పోలేదని నాకు తెలుసు.

పాప దగ్గర్నుంచి పుస్తకం తీసుకుని కొత్త పేజీలో 'నవంబర్ 5' అని రాసి, పక్కన 1,992 వేసి, బియ్యం డబ్బా మీద పెట్టాను. జల్లు పెద్దదైంది. వంటింట్లో కారే చోట గిన్నె పెట్టాలి.