అంకె బాగున్నా కాలు చల్లగా ఉంది

డయాలసిస్ చేయించుకునేవారి గుండె ముప్పును అంచనా వేయడం ఎంత చిక్కైన పనో, ఈ మధ్య ఒక పెద్దాయన చీలమండకు బీపీ పట్టీ చుట్టినప్పుడు మరోసారి తెలిసివచ్చింది. ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు) ఉన్న చేతిని వదిలేసి, రెండో చేతిలోనూ చీలమండ దగ్గరా కొలిచి, చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే నిష్పత్తి 1.4 దాటింది. అది 0.9 కంటే తగ్గితే కాలి ధమనులు పూడాయని అనుమానిస్తాం కనుక, ఈ అంకె చూసి ఊరట చెందేవారూ ఉంటారు. కానీ ఆయన పాదం చల్లగా ఉంది, నాడి వేళ్లకు సరిగా అందలేదు. కిడ్నీలు పనిచేయనివారిలో ఫాస్ఫరస్ పెరిగి, ధమని గోడ మధ్య పొరలో కాల్షియం పేరుకుపోవడం వల్ల, పట్టీ ఎంత బిగించినా నాళం అణగదు, అంకె మాత్రం లేనిపోని ఎత్తు చూపిస్తుంది. అలాంటప్పుడు బొటనవేలి దగ్గర కొలవడం మేలు; అక్కడి సన్నని నాళాలు అంతగా గట్టిపడవు. ముప్పు అంచనా కోసం మెడ ధమనుల అల్ట్రాసౌండ్‌ కూడా రాశాను. కొలెస్ట్రాల్ తక్కువగా ఉందని ఇంటివాళ్లు సంతోషించారు గానీ, పోషకాహార లోపం వల్ల కూడా అది తగ్గుతుంది. పైగా డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) ఇస్తే చెప్పుకోదగ్గ మేలు కనబడలేదని 2005లో 4డి, 2009లో అరోరా అధ్యయనాలు తేల్చాయి. ఆయన ముందునుంచే వాడుతున్నారు కాబట్టి ఆపించలేదు.