నీళ్ళలోకి తిరిగి వెళ్ళినది ఏ అవతారం?

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ప్రధాన మందిరంలో 2017 నుంచి వేలాడుతున్న నీలి తిమింగిలం అస్థిపంజరం కింద నిలబడి తొమ్మిదేళ్ళ మా అమ్మాయి అడిగింది: "అమ్మా, దశావతారాల్లో చేప, తాబేలు, వరాహం అంటూ అన్నీ నీళ్ళలోంచి నేల మీదికే వస్తాయి కదా. మరి నేల మీది నుంచి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళినది ఏ అవతారం?"

నేను జవాబు చెప్పలేకపోయాను. దశావతారాలే జీవపరిణామమని, డార్విన్ కంటే ఎంతో ముందే మన పెద్దలు ఆ సంగతి గ్రహించారని తనకు నేర్పినది నేనే. పరాయి దేశంలో పెరుగుతున్న పిల్ల ఇంటి కథలను తక్కువగా చూడకూడదన్న ఆరాటంతో, నాకే సరిగా తెలియని మాటను అంత ధీమాగా చెప్పాను.

ఆ తిమింగిలం 1891లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ తీరానికి కొట్టుకొచ్చింది. పొడవు 25 మీటర్ల పైమాటే. మా అమ్మాయి తన చెయ్యి చాచి, దాని ముందరి వాజంలోని ఎముకలతో పోల్చి చూసుకుంది: భుజంలో ఒకటి, ముంజేతిలో రెండు, మణికట్టులో చిన్న చిన్నవి, ఆ తర్వాత వేళ్ళు. ఈదడానికే అయితే చేప వాజం చాలు, అందులో వేళ్ళెందుకు? గబ్బిలం రెక్కలోనూ ఇదే అమరిక ఉంది. చేప తోకను పక్కలకు ఆడిస్తే తిమింగిలం పైకీ కిందికీ ఆడిస్తుంది, ఎందుకంటే నేల మీద పరిగెత్తిన పూర్వీకుల వెన్నెముక ఆ దిశలోనే వంగేది. వెన్నుతో సంబంధం తెగిపోయిన చిన్న తుంటి ఎముకలు కూడా తిమింగిలాల ఒంట్లో ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇంటికొచ్చి చదువుతూ ఉంటే, నేల మీది నుంచి నీళ్ళలోకి వెళ్ళిన ఈ తిమింగిలాల కథ మన దేశానికే చేరింది. జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర దొరికిన శిలాజాల ఆధారంగా భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు 1971లో ఇండోహ్యూస్ అనే జంతువుకు పేరు పెట్టారు. ఆయన పోయాక, దాచి ఉంచిన రాళ్ళను ఆయన భార్య, తిమింగిలాల శిలాజాలను పరిశోధించే హాన్స్ థెవిస్సెన్ అనే శాస్త్రవేత్తకు ఇచ్చారు. వాటిని శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగి, లోపల తిమింగిలాలకు మాత్రమే ఉంటుందనుకున్న మందపాటి చెవి ఎముక బయటపడింది. సుమారు 4.8 కోట్ల ఏళ్ళ నాటి, గిట్టలున్న ఆ చిన్న జంతువు తిమింగిలాలకు దగ్గరి చుట్టమని 2007లో థెవిస్సెన్ బృందం ప్రకటించింది.

ఇది చదివిన వెంటనే "చూశావా, మన దేశపు రాళ్ళే!" అన్నాను. అన్నాక గానీ, మళ్ళీ ఆ పాత గర్వమే మాట్లాడుతోందని తెలియలేదు. నిచ్చెన మెట్లలా ఒక్కో అవతారమూ పైకి ఎక్కుతుందని నేను చెప్పిన వరుసలో ఇండోహ్యూస్‌కు చోటు లేదు. పరిణామం కొమ్మలుగా చీలుతుంది, ఎటైనా సాగుతుంది. మత్స్యావతారం కథేమో వేదాలను కాపాడడానికి వచ్చిన దేవుడిది. ఆ కథను సైన్సుకు సాక్ష్యంగా నిలబెట్టి, పిల్ల దగ్గర రెండింటికీ అన్యాయం చేశాను.

రెండూ వేర్వేరుగా చెప్పండని తోటి తల్లులకు సలహా ఇద్దామనుకున్నాను. కానీ గత ఆదివారం వీడియో కాల్‌లో మా నాన్నగారు "పరిణామమంతా మన దశావతారాల్లోనే ఉంది కదమ్మా" అన్నప్పుడు, ఆయన మొహంలోని సంతోషం చూసి "అవును నాన్నా" అనేశాను. పక్కనే కూర్చున్న మా అమ్మాయి ఏమీ మాట్లాడకుండా నా వైపే చూస్తూ ఉండిపోయింది.