మొదటి గ్రూప్ రైడ్ ఎంచుకునే ముందు అడగవలసిన మాట

గత వారం మా కళాశాల స్టాఫ్ రూములో రసాయనశాస్త్రం బోధించే సహోద్యోగిని తన ఫోన్‌లో రెండు పోస్టర్లు చూపించి, ఈ రెండింటిలో దేనికి పేరు ఇవ్వమంటారని నన్ను అడిగారు. ఒకటి హనుమకొండలోనే జరిగే 10 కిలోమీటర్ల అవగాహన రైడ్. దానికి టీషర్టు, మెడల్, టిఫిన్ ఇస్తారు. రెండవది ఊరు దాటి వెళ్ళే 60 కిలోమీటర్ల రైడ్. రెండు పోస్టర్ల మీదా ‘ఇది పోటీ కాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆమె సైకిల్ కొని నాలుగు నెలలైంది. రోజూ తెల్లవారకముందే లేచి వడ్డేపల్లి చెరువు వైపు వెళ్ళి వస్తున్నారు, కానీ ఇప్పటిదాకా ఒక్కసారిగా తొక్కిన దూరం 22 కిలోమీటర్లు మించలేదు. అప్పటికప్పుడు ఏదో ఒక పోస్టర్ చూపించి ఇదే మంచిదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ సాయంత్రం ఆమెతో కూర్చుని మాట్లాడినదంతా, ఆమెలాగే మొదటి రైడ్ కోసం వెతుకుతున్న మరికొందరికి పనికి వస్తుందన్న ఉద్దేశంతో ఇక్కడ రాస్తున్నాను.

నాలుగేళ్ళ క్రితం నేను పేరు ఇచ్చిన మొదటి రైడ్ హనుమకొండ నుంచి ములుగు వెళ్ళి రావడం, అంటే రానూపోనూ దాదాపు 100 కిలోమీటర్లు. అది కూడా పోటీ కాదనే చెప్పారు. ఉదయం ఐదున్నరకు సుమారు నలభై మందిమి బయలుదేరాము. ఆరెపల్లి దాటేసరికే ముందు వెళ్తున్న సైకిళ్ళ ఎర్ర లైట్లు చుక్కలంత చిన్నవయ్యాయి. ఇంకొంత దూరం వెళ్ళేసరికి కనుచూపు మేరలో ఒక్క సైకిల్ కూడా లేదు. గూడెప్పాడ్ దగ్గర వెనుక టైరు పంక్చరైంది. రోడ్డు పక్కన పంక్చర్ దుకాణం అప్పుడే తెరుస్తున్నారు. ఆ పెద్దమనిషి ట్యూబు బయటికి తీసి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట చక్కగా అతుకు వేశారు. అయితే గాలి కొట్టే దగ్గర పని ఆగిపోయింది. నా ట్యూబుకు ఉన్న వాల్వు పెన్సిల్ కంటే సన్నగా ఉండి, కొసన చిన్న ఇత్తడి మర ఉండే రకం. స్కూటర్లకూ కార్లకూ గాలి పట్టే గొట్టం దాని మీద కూర్చోదు. ఆయన రెండు మూడు సార్లు ప్రయత్నించి, “గీ సన్న దానికి మా గాలి పట్టది మేడం, దీనికి వేరే టోపి ఉంటది” అని బాధపడుతూ చెప్పారు. నిర్వాహకులు ఇచ్చిన నంబరుకు నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు. చివరకు కూరగాయలు దించి తిరిగి వస్తున్న ఒక ట్రాలీ ఆటోలో సైకిల్ వేసుకుని ఇంటికి చేరాను. ఆ రాత్రి గ్రూపులో ఫొటోలు వచ్చాయి. అందరూ విజయవంతంగా పూర్తి చేశారని వాటి కింద రాశారు. అది చదివినప్పుడు నాకు కోపం కంటే బెంగ ఎక్కువ కలిగింది. నేను దారిలోనే ఆగిపోయానన్న సంగతి వారెవరికీ తెలియనే తెలియదు.

పోటీ కాదు అన్న మాటకు ఉన్న అర్థం చాలా చిన్నదని నాకు ఆ తరువాత తెలిసింది. ఎవరు ముందు వచ్చారో ఎవరు వెనుక వచ్చారో లెక్క కట్టరు, మొదటి బహుమతి రెండవ బహుమతి అని ఇవ్వరు అన్నంత వరకే దాని హామీ. వెనుకబడిన వారికోసం ఆగుతారని ఆ మాటలో ఎక్కడా లేదు. దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ, గడువులోపు పూర్తి చేయవలసిన బ్రెవే అనే సుదూర రైడ్లు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాల ప్రకారం, మన దేశంలో ఆడాక్స్ ఇండియా ఆధ్వర్యంలో జరిగే ఈ రైడ్లలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300 కిలోమీటర్లను 20 గంటల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో పూర్తి చేయాలి. అందరికంటే ముందు వచ్చినవారికీ, గడువు ముగిసే నిమిషంలో వచ్చినవారికీ ఒకే గుర్తింపు ఉంటుంది. నిజంగానే అది పోటీ కాదు. కానీ అక్కడి మూల సూత్రం ఎవరి భారం వారే మోసుకోవడం. పంక్చరైతే మీరే వేసుకోవాలి, ఆకలైతే మీరే కొనుక్కు తినాలి, హాజరు నమోదు చేసే నిర్ణీత కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప దారిలో వెంట వాహనం పెట్టుకుని సహాయం తీసుకోకూడదు. వినగానే 200 కిలోమీటర్ల రైడ్‌కు గంటకు 15 కిలోమీటర్ల వేగం కూడా అక్కరలేదు కదా అనిపిస్తుంది. అయితే మీరు చాయ్ తాగుతున్నా, పంక్చర్ వేసుకుంటున్నా గడియారం ఆగదు. అన్నీ కలిపి రెండు గంటలు ఆగినా, మిగిలిన పదకొండున్నర గంటల్లో గంటకు 17 కిలోమీటర్లకు పైగా తొక్కుతూ ఉండాలి. ఆ రైడ్లంటే నాకు ఎంతో గౌరవం. అవి నేర్పే ఓర్పు మరో చోట దొరకదు. అయినా నాలుగు నెలల కిందట సైకిల్ కొన్నవారిని మొదటి రైడ్‌గా అక్కడికి పంపడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

అందుకే ఏ రైడ్ గురించి విన్నా నేను ముందుగా దూరం అడగను, ఫీజు అడగను. చివరి సైకిల్ వెంట ఎవరు ఉంటారని అడుగుతాను. అందరికంటే వెనుక, ఎవరినీ దాటకుండా వచ్చే అనుభవజ్ఞుణ్ణి సైకిల్ వారు స్వీప్ అంటారు. ఆ మనిషి ఉన్నాడా, ఆయన దగ్గర పంపు, ట్యూబు, అతుకుల సామాను ఉంటాయా, ముందు వెళ్తున్న వారితో ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ ఉంటాడా అన్నవి తెలుసుకుంటే ఆ రైడ్ స్వభావం సగం తెలిసిపోతుంది.

ములుగు రైడ్ తరువాత ఆరు నెలలకు కాబోలు, నేను ఐనవోలు మల్లన్న గుడి దాకా వెళ్ళే ఒక ఆదివారం రైడ్‌లో చేరాను. హనుమకొండ నుంచి ఖమ్మం రోడ్డు మీదుగా వెళ్ళి రావడానికి 40 కిలోమీటర్లకు కాస్త తక్కువ. మామునూరు దాటాక చిన్న ఎత్తు దగ్గర నేను వెనుకబడి, పెడల్ మీద బలమంతా పెట్టి తొక్కుతున్నాను. వెనుక నుంచి ఒక యువకుడి గొంతు వినిపించింది. “గేరు తగ్గించుండ్రి అక్కా, మోకాళ్ళ మీద బలం పెట్టకుండ్రి. నేను మీ ఎనకనే ఉంట.” ఆ అబ్బాయి నా పక్కకు రాలేదు, తొందరపెట్టలేదు, ఆ ఎత్తు పొడుగునా నాలుగైదు గజాల వెనుక అదే దూరంలో వచ్చాడు. గేరు తగ్గించగానే కాళ్ళు తేలికగా తిరగడం మొదలుపెట్టాయి. మలుపు దగ్గర ముందువారంతా సైకిళ్ళు దిగి మాకోసం ఆగి ఉన్నారు. నేను చేరిన తరువాత కూడా పది నిమిషాలు అక్కడే ఉన్నారు. ఈ పది నిమిషాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా రైడ్లలో ముందు చేరినవారు పావుగంట విశ్రాంతి తీసుకుని, చివరి మనిషి కనబడగానే ‘అందరూ వచ్చారు, పదండి’ అని బయలుదేరిపోతారు. అలా చేస్తే విశ్రాంతి ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది దక్కదు. ఆగుతాం అని చెప్పే నిర్వాహకులను, చివరి మనిషి వచ్చాక ఎంతసేపు ఆగుతారని కూడా అడగండి.

దూరం విషయానికి వస్తే, ఇప్పటిదాకా మీరు హాయిగా తొక్కిన అత్యధిక దూరానికి ఒకటిన్నర రెట్లు మించని రైడ్ మొదటిసారికి సరిపోతుందని నా అనుభవం చెబుతుంది. 22 కిలోమీటర్లు తొక్కినవారికి 30 లేదా 33 కిలోమీటర్లు బాగుంటాయి. 60 అంటే ఇంకో రెండు మూడు నెలల తరువాతి మాట. దూరంతో పాటు సగటు వేగం కూడా ప్రకటనలో చూడాలి. 15 అని రాసిన రైడ్‌కూ 20 అని రాసిన రైడ్‌కూ కాగితం మీద తేడా అయిదే. కొత్తవారి ఊపిరికి మాత్రం అది చాలా పెద్ద తేడా. ఆ సగటు ఆగిన సమయాన్ని కలుపుకుని చెప్పినదా, తొక్కిన సమయానికే చెప్పినదా అన్నది కూడా అడిగి తెలుసుకోవలసినదే.

మన ప్రాంతంలో కాలాన్నీ రోడ్డునూ పట్టించుకోకుండా రైడ్ ఎంచుకోలేము. వానాకాలం పంట కోతలయ్యాక, మళ్ళీ యాసంగి కోతలయ్యాక, పల్లె రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. కుప్పల మీదికి బండ్లు ఎక్కకుండా అంచున రాళ్ళు పేర్చుతారు. తెల్లవారుజామున మసక వెలుతురులో ఆ రాళ్ళు కనబడవు. అది రైతు సంవత్సరమంతా చేసిన కష్టం. దాని పక్కన జాగ్రత్తగా పోవలసిన బాధ్యత మనదే. ఆ దారిలో వెళ్ళే రైడ్ అయితే తెల్లవారిన తరువాతే మొదలుపెట్టాలి, ముందు లైటు తప్పనిసరిగా ఉండాలి. పత్తి వచ్చే రోజుల్లో ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్ళే రోడ్లలో పత్తి నింపిన ట్రాక్టర్లూ డీసీఎంలూ బారులు తీరుతాయి. మేడారం జాతర జరిగే ఏడాది, జాతరకు ముందూ వెనుకా కొన్ని వారాల పాటు ములుగు రోడ్డు కొత్త సైకిల్ వారికి తగినది కాదు. నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి దాకా మనకు మంచి కాలం. మార్చి దాటితే తొమ్మిది గంటలకే ఎండ నడినెత్తిన ఉన్నట్టుంటుంది కనుక, ఎనిమిదిన్నరకు ముగిసే రైడ్‌లు తప్ప మరొకటి ఎంచుకోవద్దు. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిన ప్రపంచ సైకిల్ దినోత్సవం జూన్ 3న వస్తుంది. ఆ సందర్భంగా జరిగే నగర రైడ్లు చిన్నవి కనుక ఎండ ముదరకముందే ముగిసిపోతాయి. అలాంటి రైడ్లలో పిల్లా పెద్దా అందరూ కలిసి తొక్కే సంతోషం ఉంటుంది. కానీ పక్కవారు హఠాత్తుగా బ్రేకు వేస్తారని, అటూ ఇటూ ఊగుతారని గుర్తుంచుకుని చక్రానికి చక్రానికి మధ్య మంచి ఎడం ఉంచాలి.

మా దగ్గర చాలామంది మొదటి పెద్ద రైడ్ రామప్పకే వెళ్ళాలని కోరుకుంటారు. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన తరువాత ఆ కోరిక ఇంకా పెరిగింది. నాకూ ఆ దారి ప్రాణం. అయితే హనుమకొండ నుంచి ఆ గుడి ఉన్న పాలంపేటకు ఒక వైపే సుమారు 70 కిలోమీటర్లు. వెళ్ళడం ఒక్కటే సైకిల్ మీద పెట్టి, తిరుగు ప్రయాణంలో సైకిళ్ళను డీసీఎంలో, మనుషులను బస్సులో తెచ్చే రైడ్ దొరికితే, అదీ నాలుగైదు చిన్న రైడ్లు చేసిన తరువాత, సంతోషంగా వెళ్ళండి. హైదరాబాద్‌లో బంధువులున్నవారు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద నలుగురితో కలిసి తొక్కి చూడవచ్చు. పైన సోలార్ పలకల నీడ ఉంటుంది, పక్కనుంచి లారీలు దూసుకుపోవు. గుంపులో తిన్నగా తొక్కడం, ముందు గుంత ఉంటే చేయి కిందికి చూపి వెనుకవారికి చెప్పడం నేర్చుకోవడానికి అది మంచి చోటు.

ఆడవాళ్ళు అడగడానికి మొహమాటపడే విషయం ఒకటి ఉంది. ఆగే చోట మరుగుదొడ్డి ఉందా అని అడగండి. పెట్రోల్ బంకు దగ్గరో గుడి దగ్గరో ఆగేలా దారి వేసిన నిర్వాహకులు ఆ సంగతి ముందే ఆలోచించినట్టే. ఆ ఏర్పాటు లేకపోతే చాలామంది దారిలో నీళ్ళు తాగడం మానేస్తారు. నేనూ మొదట్లో అలాగే చేసి, మధ్యాహ్నానికి తలనొప్పితో పడుకునేదాన్ని. ఎంత పేరున్న రైడ్ అయినా ఈ ప్రశ్నకు విసుక్కుంటే అక్కడికి వెళ్ళకండి.

సైకిల్ ధర గురించి దిగులు పడనక్కరలేదు. 30 కిలోమీటర్ల చదును రోడ్డుకు గేర్లు లేని సైకిల్ కూడా చాలు. సీటు ఎత్తు సరిగ్గా ఉండి, బ్రేకులు పట్టాలి. హెల్మెట్ లేనివారిని రానివ్వబోమని చెప్పే రైడ్‌ను నమ్మండి. మీ ట్యూబుది సన్నటి వాల్వు అయితే, సైకిల్ దుకాణంలో దొరికే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని జేబులో వేసుకోండి. అది పెట్టుకుంటే మన ఊళ్ళో ఏ పంక్చర్ దుకాణంలోనైనా గాలి పడుతుంది.

మా సహోద్యోగిని ఆ రాత్రే 60 కిలోమీటర్ల రైడ్ నంబరుకు ఫోన్ చేసి, చివర ఎవరు ఉంటారని అడిగారట. మొదటి 30 కిలోమీటర్ల దాకా ఒకరు వెనుక వస్తారని, ఆ తరువాత ఎవరి వేగం వారిదేనని అవతలి మనిషి దాచకుండా చెప్పారట. అంత స్పష్టంగా చెప్పినందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పి, సంక్రాంతి తరువాత మళ్ళీ పెడితే వస్తానని ఆమె అన్నారు. ఈ ఆదివారం మాతో కలిసి ధర్మసాగర్ చెరువు దాకా వస్తున్నారు. రానూపోనూ 30 కిలోమీటర్లు, తెల్లవారిన తరువాత బయలుదేరి ఎనిమిదిన్నరలోపు తిరిగి వచ్చే రైడ్ అది. ఆ రోజు స్వీప్ వంతు నాది. సంచిలో పంపు, రెండు ట్యూబులు, రెండు ఇత్తడి అడాప్టర్లు ఇప్పటికే సర్దిపెట్టాను.