సగం కణుపు నీళ్లు

అమెరికాలో మా ఇంట్లో గురువారం వంట నాది. ఆ రోజు మా ఆవిడకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. పెద్దదానికి వయొలిన్, చిన్నవాడికి ఈత. ఇద్దరినీ తీసుకుని ఆరున్నరకు ఇల్లు చేరేసరికి అన్నం, పప్పు, కూర, చారు అంటూ నాలుగు గిన్నెలు పొయ్యెక్కించే ఓపిక నాకు ఉండదు. అందుకని ఏప్రిల్ చివరి నుంచి జూన్ నెల సగం దాకా గురువారాల్లో ఒకటే వంట. ఒక పెద్ద గిన్నెలో పాస్తా, అందులోనే ఆ వారం దొరికిన లేత కూరలు. కడగాల్సిందీ ఒక గిన్నే.

తెనాలిలో ఉన్న మా చుట్టాలకు ముందే చెబుతున్నాను, మిగతా ఆరు రోజులూ ఇంట్లో అన్నమే.

పిల్లలకు మన తిండి, మన భాష అని నేనూ ఒకప్పుడు గట్టిగానే పట్టుబట్టాను. బడికి పంపిన పులిహోర డబ్బా మూత తీయకుండా తిరిగొచ్చిన కథ ప్రవాసుల ఇళ్లన్నిటా ఉన్నదే, మళ్లీ చెప్పను. పెద్దదాన్ని అయిదేళ్లు ఆదివారం తెలుగు బడికి తిప్పాను. గుణింతాలు వచ్చాయి, కూడబలుక్కుని చదువుతుంది. మాట్లాడమంటే మాత్రం నేను తెలుగులో అడగడం, అది ఇంగ్లీషులో బదులు చెప్పడం. పదకొండో ఏట ఇక వెళ్లనంది. ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

కిందటేడు మా అమ్మ ఆరు నెలలు ఉండి వెళ్దామని ఏప్రిల్‌లో వచ్చింది. జూన్ మొదటి గురువారం ఆవిడ బల్ల దగ్గర కూర్చుని పచ్చి బటానీలు ఒలుస్తోంది. నేను గిన్నెలో పాస్తా, తరిగిన ఉల్లికాడలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాస్త ఆలివ్ నూనె వేసి చన్నీళ్లు పోస్తున్నాను. పెద్దది వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. దానికి పదమూడేళ్లు. ఏడో తరగతిలో వంట కూడా ఒక పాఠం కాబట్టి ఆ మధ్య నన్ను సరిదిద్దడం మొదలుపెట్టింది.

"నాన్నా, అలా కాదు. నీళ్లు చాలా పోసి మరిగించాలి. తరువాత పారబోయాలి."

అమ్మ తలెత్తకుండానే అంది. "పారబోయడం కాదమ్మా, వార్చడం."

"వార్చడం అంటే?"

అమ్మ బటానీల పళ్లెం పక్కన పెట్టింది. గిన్నె మీద మూత పెట్టి, రెండు చేతులతో గుడ్డ పట్టుకుని, గిన్నెను పక్కకు ఒరగబెట్టినట్టు గాలిలో చేసి చూపించింది. మెతుకు జారకుండా గంజి మాత్రం ధారగా దిగాలి. ఆ గంజిలో ఉప్పేసుకుని తాగేవాళ్లమని, మిగిలింది గేదె కుడితిలో పోసేవాళ్లమని, నేత చీరలకు గంజి పెట్టి ఆరేసేవాళ్లమని వరసగా చెప్పుకుపోయింది. పెద్దది నోరు తెరుచుకుని విన్నది. పారబోస్తున్నామనుకున్న నీళ్లకు ఒక పేరుంటుందని, ఇన్ని పనులుంటాయని దానికి తెలియదు.

"మరి నాన్న వార్చడం లేదు కదా?"

"మీ నాన్న పెడుతున్నది అత్తెసరు."

నిజానికి ఆ మాట అప్పటిదాకా నాకూ తట్టలేదు. ఎసరుకు నీళ్లు కొలిచి పోసి, ఆ నీళ్లన్నీ అన్నంలోనే ఇగిరిపోయేలా వండితే అత్తెసరు. వార్చే పని లేదు, గంజి పోదు. పాస్తాకు అదే జరుగుతుంది. గోధుమలోని పిండి నీళ్లలోకి దిగి, ఆ నీళ్లే చిక్కబడి, ముక్కలకు పట్టుకునే సాస్ అవుతాయి. వార్చేస్తే ఆ చిక్కదనమంతా సింకులోకి పోతుంది. 2013లో వంటలూ ఇంటి పనులూ నేర్పే మార్తా స్టూవర్ట్ పత్రిక ఈ ఒకే గిన్నె పాస్తాను అచ్చు వేస్తే అమెరికా అంతా వింతగా చెప్పుకుంది. సేమ్యా ఉప్మా చేసుకునే జాతికి ఇందులో వింతేముంది? అమీర్‌పేట గదిలో నలుగురు బ్రహ్మచారులం ఒక్క కుక్కర్‌తో రెండేళ్లు బతికింది ఈ విద్యతోనే.

నేను కొలత కప్పు తీశాను. ఒక పెట్టె పాస్తా 454 గ్రాములు, దానికి ఆరు కప్పులకు కాస్త తక్కువగా నీళ్లు. అమ్మ ఆ కప్పును చూసిన చూపులో నా ఇరవయ్యేళ్ల అమెరికా చదువు, ఉద్యోగం అన్నీ తేలిపోయాయి. చెయ్యి కడుక్కుని వచ్చి చూపుడు వేలు గిన్నెలోకి నిలువుగా దించింది. వేలి కొస పాస్తాను తాకింది. నీళ్లు మొదటి కణుపుకు సగంలో ఉన్నాయి.

"బియ్యానికైతే కణుపు నిండా కావాలి. దీనికి సగం కణుపు చాలు. కూరల్లోనూ నీళ్లుంటాయి."

పెద్దది కూడా చెయ్యి కడుక్కుని వేలు ముంచింది. వెనకే చిన్నవాడు, వాడికి ఎనిమిదేళ్లు, ముంచబోతే ఆపాను. వాడి చేతులు అప్పటికి ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో వాడికే తెలియదు.

అత్తెసరు మాటకు ఇంకో వాడుక ఉందని నేనే చెప్పాను. ఇంటర్మీడియట్‌లో నాకు లెక్కల్లో వచ్చినవి అత్తెసరు మార్కులు. సరిగ్గా గట్టెక్కడానికి ఎన్ని కావాలో అన్నే, ఒక్క చుక్క ఎక్కువ కాదు. పెద్దది కాసేపు ఆలోచించి, తెలుగులోనే అడిగింది.

"అయితే నాది అత్తెసరు తెలుగా?"

అమ్మ బటానీలు దులుపుకుంటూ నవ్వింది. నేను ఉప్పు డబ్బా కోసం వెనక్కి తిరిగాను.

ఉప్పు సంగతి చెప్పాలి. వార్చే పాస్తాకు ఉప్పు ధారాళంగా వేస్తారు, ఎందుకంటే సగానికి పైగా నీళ్లతోనే పోతుంది. ఇక్కడ వేసిన ఉప్పంతా గిన్నెలోనే ఉంటుంది. మొదటిసారి నేను పాత అలవాటుగా గుప్పెడు కల్లుప్పు వేశాను. ఆ రాత్రి ముగ్గురం అటుకులు తిని పడుకున్నాం. ఇప్పుడు ఒక చెంచాకు తక్కువే వేస్తాను, చివర్న జున్ను, అంటే చీజ్, పడ్డాక రుచి చూసి సరిచేస్తాను.

ఇక ఆ పాస్తాలో వేసే ఆస్పరాగస్ కాడలు. మేముండే న్యూజెర్సీ వాళ్లు కారు నంబరు పలకల మీద కూడా తమది తోటల రాష్ట్రమని రాసుకుంటారు. ఇక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయం జెర్సీ నైట్, జెర్సీ జెయింట్ లాంటి ఆస్పరాగస్ రకాలు తయారు చేసింది. అన్నీ మగ మొక్కలే. ఆడ మొక్క కాయలకూ గింజలకూ పెట్టే బలాన్ని మగ మొక్క కాడల మీద పెడుతుందట. ఇది విన్నాక మా అమ్మ, "కనే బాధ లేకపోతే ఎవరైనా బలంగానే ఉంటారు," అంది. పెరట్లో మేం పన్నెండు వేర్లు నాటింది పెద్దది రెండో తరగతిలో ఉన్నప్పుడు. నాటిన వెంటనే కోయకూడదు. రెండేళ్లు ఊరికే పెరగనిచ్చి, మూడో వసంతంలో కొద్దిగా మొదలుపెట్టాలి. ఆ తరువాత పదిహేనేళ్ల దాకా కాడలు వస్తూనే ఉంటాయి. నేల చీల్చుకుని తేగల్లా నిటారుగా లేస్తాయి. వదిలేస్తే మనిషెత్తు, దూది పింజెల్లాంటి ఆకుతో గుబురు కడతాయి. అమ్మ ఆ గుబురును చూసి, ఇది పిల్లితేగల మొక్క కదరా అని గుర్తుపట్టింది. సరిగ్గా అదే కాదు గానీ ఆవిడ అన్నది తప్పూ కాదు. మన పిల్లితేగలు, అంటే ఆయుర్వేదంలో బాలింతలకు ఇచ్చే శతావరి, ఈ జాతిదే. మనం వేరు వాడుకుంటాం, వీళ్లు మొలక తింటారు.

కాడను కత్తితో కోయనక్కర్లేదు. రెండు చేతులతో పట్టుకుని వంచితే ముదురు ముగిసి లేత మొదలయ్యే చోట తనే టప్పున విరుగుతుంది. అమ్మకు నేర్పాల్సిన అవసరం రాలేదు. బెండకాయ కొస విరిచి చూసి, కూరగాయలమ్మాయి చేత తిట్లు తిని, అయినా విరిచి చూసే చెయ్యి అది. పిల్లలిద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టుకుని ఒక కట్ట విరిపించింది. చిన్నవాడు విరిచినవి సగం వేలెడేసి మిగిలాయి. ముదురు భాగాన్ని పళ్లెం అవతల పడేస్తూ పెద్దది ప్రతిసారీ "ముదురు, లేత, ముదురు, లేత" అనుకుంటోంది. ఆదివారం బడిలో ఈ రెండు మాటలూ వ్యతిరేక పదాల పట్టికలో చదివిందట. అప్పుడు ముదురు అంటే ఏమిటో తెలియకుండానే జవాబు రాసి మార్కులు తెచ్చుకుంది.

నీళ్లు మరగడం మొదలయ్యాక నాలుగైదు నిమిషాలకు కాడల ముక్కలు వేస్తాను. మరో మూడు నిమిషాలకు కొసలు, బటానీలు. దించాక గుప్పెడు పాలకూర, ఆ వేడికే మగ్గిపోతుంది. సగం నిమ్మకాయ పిండి, మిరియాలు దంచి వేస్తాను. పోపు పెట్టను. ఒకసారి ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చితో పోపు పెట్టి చూశాను, పాస్తా పెళ్లికి తప్పు ముహూర్తంలో వచ్చిన చుట్టంలా బిక్కమొహం వేసుకుంది. పోపు తినాలని ఉంటే సేమ్యా ఉప్మా ఉండనే ఉంది.

జున్ను దగ్గర మాత్రం ఆ రోజు పెద్ద చర్చ జరిగింది. పెద్దది పొట్లం మీది చిన్న అక్షరాలు చదివి, అందులో ఎంజైములని ఉంది, అవి ఎక్కడివో చూడాలి అంది. చూసింది. ఇటలీలో పార్మిజానో రెజ్జానో పేరుతో అమ్మాలంటే నిబంధన ప్రకారం పాలను దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనే విరగ్గొట్టాలి. రెన్నెట్‌ను నాన్నమ్మకు ఎలా చెప్పాలో దానికి తోచలేదు. నా వంక చూసింది. నేను కావాలనే ఊరుకున్నాను. చివరికి అదే మాట వెతుక్కుంది.

"నాన్నమ్మా, పాలల్లో తోడు వేస్తావు కదా, పెరుగుకు? ఆ తోడు దూడ కడుపులోది."

అమ్మ పట్టుకున్న చెంచా కింద పెట్టింది. "ఇన్నాళ్లూ మీ ఇంట్లో పిజ్జాల మీద తిన్నానే, అది కూడానా?" అని నన్ను అడిగింది. అన్నీ అలా ఉండవని, బూజు జాతి నుంచి తీసిన తోడుతో చేసేవీ ఉంటాయని పెద్దదే సర్దిచెప్పింది. బూజు మాట అమ్మకు అంత ఊరట ఇచ్చినట్టు లేదు. "తెలియక తిన్నది తిన్నాం. ఇక చూసి కొనండి," అని తేల్చేసింది. అప్పటి నుంచి కొట్లో పొట్లాలు తిప్పి చూసే ఉద్యోగం పెద్దదానిది.

ఆస్పరాగస్ నాటడం మాకు నేర్పింది పక్కింటి పెద్దాయన. ఆయన తాత నేపుల్స్ దగ్గరి ఊరి నుంచి ఓడలో వచ్చాడు. నేను వార్చకుండా వండుతానని తెలిసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, ఒక గిన్నెడు పంపితే మాత్రం గిన్నె కడిగి ఇచ్చాడు. లేత కూరగాయల పాస్తాను ఇటలీ పేరుతో ప్రిమవేరా అంటారు గానీ, దానికి పేరు తెచ్చింది 1970లలో న్యూయార్క్‌లోని లె సిర్క్ అనే భోజనశాల అని చెప్పిందీ ఆయనే. దాన్ని నడిపిన సిరియో మాచ్చియోని ఇటలీ నుంచి వచ్చిన మనిషి. అంటే ఈ వంటకమూ నాలాగే ఇక్కడికొచ్చి స్థిరపడినదే.

పెద్దాయనకు ఇటాలియన్ రాదు. కానీ టమాటా సాస్‌ను గ్రేవీ అంటాడు, జున్నుల్లో మొజరెల్లాను మూట్సదెల్ అంటాడు, రికొట్టాను రిగోట్ అంటాడు. చివరి అచ్చు మింగేయడం దక్షిణ ఇటలీ పల్లెల పలుకుబడి. ఆయన కొడుకుకు, మనవడికి ఇంకేమీ రాకపోయినా ఈ మాటలు వచ్చు. పత్రికలు, పద్యాలు, పెళ్లిపత్రికలు అన్నీ పోయి, మూడు తరాల తరువాత వంటింటి మాటలు నాలుగు మిగిలాయి, అదీ తాత ఊరి యాసతో. ఇది తెలిసిన రోజు నాకు దిగులు వేసింది. అయిదేళ్ల ఆదివారాలు నేను పోసిందంతా గంజిలా వార్చుకుపోయిందేమో అనిపించింది. ఆ తరువాతి గురువారం స్టవ్ దగ్గర పెద్దది తమ్ముణ్ణి కేకేసింది.

"ఒరేయ్, అడుగంటుతోంది, కలుపు!"

"ఎవరిని అడగాలి?" అన్నాడు వాడు.

వాడి అయోమయం తీరేలోపు నిజంగానే అడుగంటింది. ఆ మాడును ఇద్దరూ చెంచాలతో గీక్కుని పోట్లాడుకుని తిన్నారు.

అక్టోబరులో అమ్మ వెళ్లిపోయింది. పెరట్లో గుబురు పసుపు తిరిగింది. నవంబరులో పెద్దదానికి బడిలో ఇంటి వంటకం ఒకటి రాసుకురమ్మన్నారు. అది గడ్డకట్టించిన బటానీలతో మా గురువారం పాస్తా రాసింది. కాగితం తిరిగొచ్చాక చూస్తే నీళ్ల కొలత దగ్గర ఎర్ర సిరాతో సున్నా చుట్టి ప్రశ్నార్థకం పెట్టి ఉంది. అది అక్కడ ఇంగ్లీషు అక్షరాలతో సగం కణుపు అని రాసింది.

ఆ రాత్రి వీడియో ఫోను చేసి, ఒక కణుపు ఎన్ని మిల్లీలీటర్లు అని నాన్నమ్మనే అడిగింది. తెనాలిలో అప్పుడు తెల్లవారుతోంది. అమ్మ కళ్లజోడు సవరించుకుని అడిగింది.

"ఎవరి వేలుతో?"